ఈ రోజు మాత్రమే

గలాత్స్ ఊళ్లో, డాన్యూబ్ గాలికి ఎదురుగా నిలబడ్డ
మా తొమ్మిదంతస్తుల భవనంలో
ప్రతి లిఫ్టు తలుపు మీదా
వేడినీళ్లు రావన్న నోటీసు పక్కన
నేనే అంటించానా కాగితం:
"మీ కంప్యూటర్ ముసలిదైందా?
గంటలో పడుచుదాన్ని చేసిస్తాం.
మూడింతల వేగం.
ఈ రోజు మాత్రమే!"

వందకి అయిదు లేయి ఇచ్చేవాడు దోరెల్ ప్రికోప్.
పిండి జిగురు మా అమ్మ గిన్నెలోది.
ఆ "ఈ రోజు" రెండు చలికాలాలు నడిచింది.
ఎరుపు గులాబీ అయింది, గులాబీ పాలిపోయింది.
"మూడింతలు" కొట్టేసి ఎవడో "ముప్పై" అని గీకితే
దోరెల్ తల వంచి చూసి
బాగుంది, ఉండనీ అన్నాడు.

చెప్పుల మడమలు కొట్టేవాడికీ లాటరీ గూటికీ నడుమ
సగం గరాజు అతని కొట్టు.
డబ్బా విప్పి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఊది,
నుదుటి మీద వెండిరంగు పిడుగు బొమ్మ అతికించి,
చివరికి ఫ్యాను మర ఒకటి వదులు చేసేవాడు.
"గర్జించాలిరా ఇయోనూత్,
గర్జిస్తేగానీ వేగమని నమ్మరు."
పైన పటారం, లోన ఇంకాస్త తక్కువ.
ఆ తక్కువ సంగతి నాకు తెలుసు.
తెలిసే అంటించాను.

ఏడో అంతస్తు వెతూరియా బలాన్
ఉక్కు కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్లు క్రేను నడిపింది.
ఇప్పుడు కంప్యూటర్‌తో చదరంగం ఆడి
ఓడినప్పుడల్లా దాని వంశాన్ని తిడుతుంది.
లిఫ్టు చెడిపోయిన రోజున
ఆ డబ్బాని మెట్ల మీదుగా నేనే మోశాను.
మోసేముందు ఆగమంది.
మూతపడ్డ కిరాణా నుంచి తెచ్చుకున్న త్రాసు,
ఇత్తడి గుండ్లు, రేగుపళ్లంత చిన్నవి కూడా.
"బరువు తెలీకుండా ఏదీ ఎత్తకు,
ఏదీ దించకు" అంది, గుండ్లు సర్దుతూ.

సాయంత్రం మళ్లీ పైకి మోశాను.
పిడుగు బొమ్మ మెరుస్తోంది, ఫ్యాను ఉరుముతోంది.
ఆమె వినలేదు. తూచింది.
ఇరవై రెండు గ్రాములు తక్కువ.

"కొత్త వేగం పెట్టారు కదా" అంది నాతో,
"వేగానికి బరువుండదేమో."
నేను నా బూట్లకేసి చూశాను.

మర్నాడు గరాజులో త్రాసుతో సహా నిలబడింది.
దోరెల్ నవ్వాడు, అలవాటైన నవ్వు.
"దుమ్ము దులిపానమ్మా. తగ్గింది అదే."
"అయితే నా దుమ్ము నాకిచ్చెయ్."

మడమలు కొట్టేవాడి సుత్తి ఆగింది.
దోరెల్ బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు.
అందులో పచ్చటి మెమరీ ముక్కలు,
ఊరందరి కంప్యూటర్లలోంచి ఊడదీసినవి,
చేపముళ్లలా ఒకదాని మీద ఒకటి.
ఎవరిదేదో అతనికీ తెలీదు.
ఆమె ఒక్కొక్కటీ అరచేతిలో ఆడించి చూసి,
ఒకదాన్ని పట్టుకుని, "ఇదే" అంది.

దారిలో అడిగాను, ఎలా తెలిసింది?
"తెలీదురా. క్రేను మీద అంతే.
గట్టిగా చెప్తే కిందివాళ్లు పక్కకి జరుగుతారు."

ఆ రాత్రి కంప్యూటర్ ఎప్పట్లాగే
మూలుగుతూ, ఆగుతూ, ఆలోచిస్తూ లేచింది.
ఎత్తు వేయడానికి దానికి అయిదు నిమిషాలు పట్టింది.
వెతూరియా మొహం విప్పారింది.
"అది, అలా ఉండాలి."
తర్వాత నా చేతిలో బొంత కత్తి పెట్టింది.
"అంటించిన చెయ్యే గీకాలి."

గీకాను.
కింద ఇంకో కాగితం:
నలుపు తెలుపు టీవీకి రంగుల అద్దం, పావుగంటలో.
దాని కింద ఇంకోటి:
పాత గడియారం వెనక్కి పోకుండా హామీ.
దాని కింద తలుపు ఇనుము, చల్లగా, గోళ్ల గీతలతో.

మర్నాడు దోరెల్ కొత్త కట్ట చేతికిచ్చాడు.
ఇంకా సిరా వాసన.
వందకి ఏడు అడిగాను.
ఏడో అంతస్తుకి మాత్రం
వెళ్లనన్నాను.